అత్త అడిగిన నీళ్లు

మా అత్త సుంకులమ్మకు మంచినీళ్లిచ్చి మెప్పించిన మనిషి ఇంతవరకు పుట్టలేదు. పెళ్లిళ్లలో వడ్డించేవాళ్లు ఆమె కూర్చున్న పంక్తికి జగ్గు పట్టుకుని రావడానికి జంకుతారు. కర్నూలులో మా ఇంటి కుళాయి నీళ్లు ఆమెకు సున్నం, బోరు నీళ్లు ఇనుము, డబ్బా నీళ్లు చచ్చిన నీళ్లు. తుంగభద్ర నీళ్లు కొంచెం నయమని ఒకసారి ఒప్పుకుంది గానీ ఆ రోజు ఆమెకు జ్వరం. ఏ నీళ్లిచ్చినా ఒక గుక్క నోట్లో తిప్పి, మింగాలా ఉమ్మాలా అని కాసేపు ఆలోచించి, చివరికి మింగి, "ఇవి కాదురా" అంటుంది.

ఆమె నాకు రెండు విధాల అత్త. మా నాయనకు చెల్లెలు, నా భార్యకు తల్లి. మాది మేనరికం. నాగవేణి లంగా వోణీల నాటి నుంచీ నన్ను "బావా" అని పిలుస్తోంది. నా తల నెరిసింది, ఆమె రిటైర్మెంటు దగ్గరికొచ్చింది, పిలుపు మాత్రం మారలేదు.

మాకు పిల్లలు లేరు. కలగక కాదు, వద్దనుకున్నాం. మా పెళ్లికి ముందే మా అక్కను మా పెద్దత్త కొడుక్కిచ్చారు. అదీ మేనరికమే. వాళ్లకు పుట్టిన ఇద్దరికీ పుట్టుకతోనే చెవుడు. రెండోవాడు గుండె జబ్బుతో నాలుగేళ్లు నిండకుండానే పోయాడు. ఆ బిడ్డను పూడ్చిపెట్టి వచ్చిన నెలలోనే నేనూ వేణీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ మా వంశవృక్షం కాగితం మీద గీసి, మా తాత దగ్గర కలం ఆపి, "ఒకే చెట్టు కొమ్మలు మళ్లీ మళ్లీ కలుస్తున్నాయి. ఆలోచించుకోండి" అంది. ఆలోచించుకున్నాం. వేణి హైస్కూల్లో సైన్సు టీచరు. ఏటా పదో తరగతికి అనువంశికత పాఠం చెప్పిన రోజు తలనొప్పి అని త్వరగా పడుకుంటుంది. ఆ రోజు వంట నేనే చేస్తాను. దాని గురించి మేం మాట్లాడుకోం.

ఇదిలా ఉండగా అత్త కిడ్నీల్లో రాళ్లు చేరాయి. నీళ్లు తాగకపోతే చేరవా మరి. ఒక కిడ్నీ దాదాపు పని మానేసింది. డాక్టరు రెండోదాన్ని చూపించి, "ఈమె రోజుకు మూడు లీటర్లు తాగాలి. తాగకపోతే ఇదీ పోతుంది, తరవాత డయాలసిసే" అన్నాడు. అత్త ఆయన్ను పైకీ కిందికీ చూసి, "తాగే నీళ్లు తెచ్చియ్యి సామీ, బిందె తాగుతా" అంది. బతిమాలాం, తిట్టాం, నిమ్మకాయ పిండాం, మట్టికుండలో పోసి మోసం చెయ్యబోయాం. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండి ముసలమ్మ సంగతి ఇంక చెప్పక్కర్లేదు.

ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ కారులో వేణి అడిగింది.

"బావా, నువ్వు చేసే ఆ మిషను రాళ్లలో నుంచి నీళ్లు తీస్తుంది గదా?"

"రాళ్లలో నుంచి కాదు. రాళ్ల మీదుగా."

"ఏదో ఒకటి. అమ్మ అడిగేది ఏటిగడ్డపాడు నీళ్లు. ఊరు డ్యాములో మునిగింది సరే, రాయి యాడికి పోయింది? రాయి తెచ్చి ఆ మిషన్లో ఎయ్యి. ఒక్క గ్లాసు నీళ్లు నువ్వు చేసియ్యలేవా మా అమ్మకు?"

ఇన్నేళ్లుగా నీళ్ల మీదే బతుకుతున్న నాకు ఆ సంగతి తట్టనందుకు సిగ్గేసింది.

మా ప్రయోగశాల కర్నూలు పొలిమేరలో ఉంటుంది. అక్కడ మేం తయారు చేసిన దాని పేరు ఊటయంత్రం. కొండ మీద వాన పడుతుంది. వాన నీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంచెం కలుపుకుని, రాయిని నాకుతూ నాకుతూ లోపలికి దిగుతుంది. రాయిలోని సున్నం, సిలికా, ఉప్పులు రవ్వంత రవ్వంత కరిగి నీళ్లలో చేరతాయి. నీటికి రుచి వచ్చేది వాటితోనే. ఆ పనికి కొండకు యుగాలు పడుతుంది, మా యంత్రానికి నాలుగు రోజులు చాలు. రాతిపొడి పోసి మూత బిగిస్తే, వేడినీ ఒత్తిడినీ మారుస్తూ వేల ఏళ్ల వానను దాని మీద కురిపిస్తుంది. కింద గొట్టంలో నుంచి ఆ కొండ ఊట బొట్లు బొట్లుగా దిగుతుంది. కొత్తగా తవ్వే బావుల నీళ్లు ముందు ముందు ఎలా ఉంటాయో చూడ్డానికి దాన్ని కట్టాం. అత్తల దాహం తీర్చడానికి కాదు.

వచ్చింది ఆ కొండ నీరే అని ఎలా తెలుసు? ఆ లెక్క తేల్చేది జుబేదా. మా దగ్గర ఐసోటోపుల విభాగం ఆమెదే. రాళ్లలో స్ట్రాన్షియం అనే లోహం ఉంటుంది. దానిలో బరువు కాస్త ఎక్కువది ఒకటి, తక్కువది ఒకటి కలిసి ఉంటాయి. ఏ రాతిలో ఏది ఎంతపాలు అన్నది ఆ రాయి వయసును బట్టీ పుట్టుకను బట్టీ మారుతుంది. పాత సముద్రాల అడుగున పేరుకున్న నాపరాయిలో ఆ అంకె చిన్నది. భూమి పుట్టిన కొత్తలో గట్టిపడ్డ ఎర్ర గ్రానైటులో పెద్దది. నీళ్లు ఎంత దూరం పారినా ఎన్ని కుండలు మారినా ఆ అంకెను వదిలిపెట్టవు. తాగినవాళ్ల ఒంట్లోకీ తీసుకుపోతాయి. స్ట్రాన్షియానికి కాల్షియం వేషం వేసే అలవాటుంది. శరీరం ఆ వేషానికి మోసపోయి దాన్ని ఎముకల్లో, పళ్లలో కూర్చోబెడుతుంది.

"అంటే రుచి మీరు చూస్తారు, పుట్టిల్లు నేను చూస్తా" అంటుంది జుబేదా.

మే నెలలో డ్యాము నీళ్లు బాగా కిందికి దిగాక నేనూ వేణీ ఏటిగడ్డపాడు వెళ్లాం. ఊరంటే ఇప్పుడు నెర్రెలిచ్చిన బురద, మోకాటి ఎత్తు గోడలు. మేం ఇద్దరం పుట్టిన ఊరే. ఖాళీ చేయించేనాటికి నేను బళ్లో ఉన్నాను, వేణి మూడో తరగతి. అత్త ఫోనులో దారి చెబుతూనే ఉంది. "చావిడి దాటినావా? రజకుల ఇండ్లు దాటినావా? ఎడం పక్కకు తిరుగు. నీ ఎడం కాదురా, నా ఎడం." బావి పూడిపోయింది గానీ దాని ఒరలోని నల్లటి నాపరాయి పలకలు అలాగే ఉన్నాయి. ఆ రాతిని సుత్తితో కొట్టి సంచిలో వేసుకున్నాం. వేణి బావి గట్టు మీద కూర్చుని, "ఇక్కడే బావా, అమ్మ నాకు తల దువ్వేది" అంది. ఎండ మాడ్చేస్తున్నా లేవబుద్ధి కాలేదు మాకు.

నాలుగు రోజుల తరవాత స్టీలు జగ్గులో ఆ నీళ్లు తెచ్చి అత్త ముందు పెట్టాను. జుబేదా లెక్క ప్రకారం బావిరాతి అంకె, నీటి అంకె అచ్చంగా ఒకటే. అత్త ఒక గుక్క తాగింది, నోట్లో తిప్పింది, మింగింది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వేణి నా చెయ్యి పట్టుకుంది.

"ఇవి మా బావి నీళ్లేరా పాండూ" అంది అత్త. "మా వదిన కడవతో తెచ్చి తొట్లో పోసేది. మీ యమ్మనే. అవే నీళ్లు."

"మరింకేం అత్తా, తాగు!"

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. "నేనడిగేవి ఇవి కాదు."

"అదేందమ్మా!" అని వేణి దాదాపు అరిచింది. "మీ ఊరి నీళ్లే అంటివి గదా ఇప్పుడు!"

"అంటి. ఈ నీళ్లు తాగి పెరిగినప్పుడు గూడా నేను వేరే నీళ్లకే ఏడుస్తాంటి. మాయమ్మను అడిగితే కొట్టేది. అవి ఇంకా తియ్యగా ఉంటాయి. తాగినాక నాలిక చల్లగా ఉంటాది. యాడివో నాకేం తెలుసు? తెలిస్తే నేనే పోయి తెచ్చుకోనా?"

ఇంతకాలం ఆమె మునిగిపోయిన ఊరి కోసం బెంగపడుతోందని మేం అనుకున్నాం. ఊరు మునగకముందే ఆమె దాహం మొదలైందని ఎవరం అడగలేదు, ఆమె చెప్పలేదు.

జుబేదాకు కోపం వచ్చింది. ముసలమ్మ తన అంకెల్ని కాదన్నట్టు తోచింది ఆమెకు. "ఆమె పన్ను ఒకటి తెండి సార్. నోరు ఏం చెప్పినా పన్ను నిజం చెబుతాది. చిన్నప్పుడు ఏ నీళ్లు తాగిందో అందులోనే ఉంటాది" అంది.

పన్ను మా ఇంట్లోనే ఉంది. కిందటేడు పీకించిన దవడపన్ను. మా వైపు పిల్లలకు పాలపన్ను ఊడితే ఆవుపేడలో పెట్టి మిద్దె మీదికి విసిరేస్తారు. అత్త తన ముసలి దవడపన్నుకూ ఆ మర్యాద జరగాలంది. మేం ఉండేది అపార్టుమెంటు మూడో అంతస్తులో. మా పైకప్పు వేరేవాళ్ల నేల. చేసేది లేక ఆమె దాన్ని పసుపు రాసిన గుడ్డలో చుట్టి, సొంత మిద్దె ఉన్న చుట్టాలింటికి పోయే రోజు కోసం దాచుకుంది.

"మిద్దె మీద ఎయ్యకపోతే మళ్ల మొలవదురా."

"డెబ్భై దాటినాక మళ్లీ ఎందుకు మొలుస్తుంది అత్తా?"

"నా పన్ను, నా ఇష్టం." గొణుక్కుంటూనే గుడ్డ విప్పి ఇచ్చింది. "ఈసారైనా సరైన నీళ్లు తీసుకురాపో."

ఈ దవడపన్ను బిడ్డ పుట్టేనాటికి తయారవడం మొదలవుతుంది. పైనున్న పింగాణీ భాగం మూడేళ్ల లోపు పూర్తవుతుంది. ఆ తరవాత వేరు దిగుతుంది. జుబేదా పన్నును నిలువుగా కోసి, సన్నని లేజరు గీతతో పైనుంచి కిందికి చదివించింది. తెరమీద అంకెలు ఎక్కుతుంటే ఇద్దరం నిలబడే చూశాం. వేరు దగ్గర ఏటిగడ్డపాడు అంకె, మాకు తెలిసిన నాపరాతి అంకె. పైన పింగాణీలో మాత్రం వేరే అంకె, చాలా పెద్దది. నాపరాతి సీమలో ఎక్కడా దొరకనిది.

"మూడేళ్లు వచ్చేదాకా ఈమె ఎర్రరాతి నీళ్లు తాగింది సార్" అంది జుబేదా. "మీ తాతోళ్లు అప్పట్లో వలస పోయినారా యాడికన్నా?"

"పోయుంటారు. కరువు రోజులు కదా" అన్నాను.

అన్నాను గానీ నాకు తెలుసు, పోలేదు. మా నాయన అత్తకన్నా పెద్దవాడు. ఆయనా, ఆయన అక్కా ఊరు కదలకుండా అక్కడే పెరిగారు. మా అవ్వ చెప్పిన కరువు కథలన్నీ మేం పోయిన కథలు కావు, జనం మా దగ్గరికి వచ్చిన కథలు. ఊరి బయట గంజిదొడ్డి పెడితే, పడమటి గుట్టల నుంచి పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చేవాళ్లట. మా అవ్వ అక్కడ గంజి పోసేది.

తిరిగి ఇంటికి పోలేకపోయాను. అదే పంటి పొడి కొంచెం, నా నోట్లో తిప్పిన దూది కొంచెం పక్క భవనంలో రక్తసంబంధాలు చూసే మిత్రుడికిచ్చాను. ఎవరివో చెప్పలేదు. వారం తరవాత అతను ఫోను చేసి, వీళ్లిద్దరికీ ఎలాంటి చుట్టరికం లేదని, రోడ్డు మీద పోయే ఎవరినో ఇద్దర్ని తెచ్చినా ఇంతేనని చెప్పాడు.

అత్త మా తాతకు పుట్టలేదు. అంటే మా నాయనకు చెల్లెలు కాదు. అంటే నాగవేణి నాకు మేనత్త కూతురు కాదు. మా ఇద్దరిదీ ఒకే చెట్టు కాదు, ఏనాడూ కాదు.

గంజిదొడ్డిలో ఎవరో వదిలిపోయిన బిడ్డను మా అవ్వ తెచ్చి పెంచుకుని ఉండాలి. ఏ కులం బిడ్డో తెలియని పిల్లను ఇంట్లో పెట్టుకున్నారంటే ఆ రోజుల్లో ఊరు ఊరుకోదు. అందుకని మా తాతా అవ్వా నోరు మూసుకున్నారు. ఊరి దేవత సుంకులమ్మకు మొక్కితే పుట్టిందని, మొక్కు తీరేదాకా చుట్టాలింట్లో ఉంచామని చెప్పి ఆ పేరు పెట్టి ఉంటారు. మూసుకున్న నోరు తెరవకుండానే పోయారు. వాళ్లను తప్పు పట్టలేను, బిడ్డను బతికించారు. కానీ మా పిల్లలు? కడుపులో పడకుండానే మేం వద్దన్న పిల్లలు? వాళ్లకు చెవుడు వచ్చేది కాదు. ఊరందరి పిల్లల్లాగే గోల చేస్తూ బడికి పోయేవాళ్లు. ఆ గదిలో నాకు వాళ్ల మీద ఎంత బెంగ కలిగిందంటే, కన్నబిడ్డలను పోగొట్టుకున్న వాడికి కూడా అంత కలగదేమో.

చెప్పకుండా ఉంటే? యంత్రం పాడైందని, పన్ను ఏమీ చెప్పలేదని అంటే వేణి నమ్ముతుంది. ఇన్నేళ్లు ఒక నిర్ణయాన్ని మోసింది, అది సరైనదని నమ్మి మోసింది. ఆ నమ్మకం తీసేస్తే ఏం మిగులుతుంది ఆమెకు? రెండు రోజులు ఆ అబద్ధాన్ని నోట్లో పెట్టుకుని తిరిగాను. మూడో రోజు అత్తకు కాళ్లు వాచాయి. డాక్టరు పరీక్షల కాగితాలు చూసి, ఇంకో నెల ఇలాగే ఉంటే గొట్టాలు పెట్టక తప్పదన్నాడు. వేణి తల్లి పాదాలు ఒళ్లో పెట్టుకుని నావైపు చూసింది.

"బావా, పన్ను సంగతి ఏమైంది? ఏదో ఒకటి చెయ్యి బావా."

ఆ నీళ్లు చేస్తే అత్త బతుకుతుంది. చేస్తే, ఎక్కడి రాయి అని వేణి అడుగుతుంది. అడిగితే చెప్పాలి. ఒకటి ఉంచుకుని ఇంకోటి వదిలే వీలు లేదు.

జుబేదా పటంలో ఆ అంకె ఉన్న రాతి సీమ అనంతపురం దాటాక పడమటి వైపు ఒక గుట్టల వరుస. మర్నాడే వెళ్లాను. అంతా ఎర్రరాయి, గుండ్లు గుండ్లుగా ఒకదాని మీద ఒకటి. కింద రెండు మూడు ఊళ్లున్నాయి. ఒక ఊరి బావి నీళ్లు సీసాలో పట్టబోతే అక్కడి ఆడవాళ్లు, "ఇవి వద్దు సార్, తాగితే పండ్లు గారపడతాయి. పాత ఊటబావి ఎప్పుడో ఎండిపాయ" అన్నారు. ఆ పాత నీళ్లు లేవు, రాయే మిగిలింది. పడిపోయిన ఊటబావి పక్కన ఆ రాయి కొట్టుకున్నాను. అక్కడ నిలబడి ఆ ఆడవాళ్ల ముఖాల్లో అత్త ముక్కు కోసం, వేణి కళ్ల కోసం వెతికాను. వెతకకుండా ఉండలేకపోయాను. ఒకావిడకు గడ్డం కొంచెం అలాగే ఉన్నట్టు అనిపించింది. ఎవరినీ ఏమీ అడగకుండా వచ్చేశాను.

యంత్రంలో పోసిన నాలుగో రోజు మధ్యాహ్నం, జూన్‌లో తెరిచిన బడి ఎండలకు ఒంటిపూట అవడంతో, వేణి నేరుగా ప్రయోగశాలకే వచ్చింది. గొట్టం కింద జగ్గు సగం నిండి ఉంది. బల్ల మీద మిగిలిన రాతి ముక్క ఉంది. నేను దాచిపెట్టలేదు. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది.

"ఇది గ్రానైటు. మా ఊళ్లో ఇట్లాంటి రాయి లేదే. యాడిది బావా?"

జుబేదా ఏదో పని ఉన్నట్టు బయటికి వెళ్లిపోయింది. నేను చెప్పాను. పన్ను, వేరు, గంజిదొడ్డి, దూది, ఫోను, అన్నీ చెప్పాను. వేణి రాతి ముక్కను చేతిలో తిప్పుతూ విన్నది. సైన్సు టీచరు కనక నేను చివరిదాకా చెప్పక్కర్లేకపోయింది. మధ్యలోనే ఆమె చెయ్యి ఆగింది.

"అయితే డాక్టరమ్మ గీసిన చెట్టు..."

"ఆవిడ తప్పు గీయలేదు. మనం చెప్పిందే గీసింది."

"మామ చెప్తానే ఉన్న్యాడు." ఆమె గొంతు చాలా మామూలుగా ఉంది. "పండక్కి పోయినప్పుడల్లా మామ నన్ను పక్కకు పిలిచి, మీకేం కాదమ్మా, కనండి, నా మాట ఇను అనేవాడు. నేను ఆయనకు చదువు లేదనుకుంటి. ఒకసారి బోర్డు మీద గీసినట్టు గీసి చూపించి, ఇట్లయితాది మామా అని పాఠం గూడా చెప్తి. ఆయన ఇని, తల వంచుకుని పోయినాడు."

మా నాయన నాతోనూ అనేవాడు. ఆయనకు తెలుసు. చెల్లెలి ముఖం చూసి చెప్పలేకపోయాడు. నాకు ఆయన మీద కోపం రావాలి, రాలేదు. తల వంచుకుని పోతున్న ఆయన వీపు కనిపించి ఏడుపొచ్చింది. వేణి ఏడవలేదు. జగ్గులో పడుతున్న బొట్లను చూస్తూ నిలబడింది.

"బా..." అని ఆగింది. తరవాత అడిగింది, "ఇంక నిన్ను ఏమని పిలవల్ల?"

ఆమె చెయ్యి పట్టుకోబోతే ఇవ్వలేదు. కాసేపటికి తనే వచ్చి నా భుజానికి తల ఆనించింది.

"ఒక్కరైనా ఉండేవాళ్లు" అంది. "ఇద్దరు వద్దు. ఒక్కరు."

జగ్గు నిండింది. వేణి పైట చెంగుతో ముఖం తుడుచుకుని, "అమ్మకు చెప్పొద్దు. ఈ వయసులో ఆమెను ఎవరూ లేనిదాన్ని చేసేదేమిటికి? నీళ్లు తాగి బతికితే చాలు" అంది. పళ్లకు పట్టే ఫ్లోరైడును జుబేదా ముందే వడగట్టింది. దాని వల్ల రుచి మారదు.

ఇంటికి వెళ్లేసరికి అత్త మంచం మీద కూర్చుని టీవీ చూస్తోంది. వాచిన కాళ్లు స్టూలు మీద పెట్టుకుంది. వేణి గ్లాసులో నీళ్లు వంచి ఇచ్చింది. అత్త ఎప్పటిలా ఒక గుక్క తీసుకుని నోట్లో తిప్పడం మొదలుపెట్టి, తిప్పకుండానే మింగేసింది. ఇంకో గుక్క తాగింది. గ్లాసు ఖాళీ చేసింది. ఖాళీ గ్లాసు ముందుకు చాపింది. వేణి మళ్లీ పోసింది. గడ్డం మీదుగా కారి జాకెట్టు తడుస్తున్నా ఆపకుండా రెండోదీ తాగి, మూడోదీ తాగింది. నా జన్మలో ఆమె అలా నీళ్లు తాగడం చూడలేదు.

"ఇవేరా" అంది. "ఇవే."

టీవీ కట్టేయమంది. కళ్లు మూసుకుంది. ముఖంలో ఏదో వెతుక్కుంటున్నట్టు ఉంది. కళ్లు తెరవకుండానే అంది.

"ఎవురో నాకు దోసిట్లో తాపిస్తాండారు వేణీ. చెయ్యి నల్లగా ఉండాది. మణికట్టు మీద తేలు పచ్చబొట్టు. నేను ఆ తేలును పట్టుకుని తాగుతాండా." కళ్లు తెరిచింది. "మాయమ్మకు పచ్చబొట్టు లేదే. ఎవురే ఆమె?"

నేను గుమ్మంలో ఉన్నాను. ఏదో ఒకటి అనాలి, ఎవరో చుట్టాలావిడ అయి ఉంటుందని అనాలి. ఆలోపే వేణి తల్లి పక్కన మంచం మీద కూర్చుంది. ప్రయోగశాలలో తను అన్న మాట ఆమెకు గుర్తుండే ఉంటుంది. తల్లి ముఖంలోకి చూసి, ఆ మాట వదిలేసింది.

"మీ అమ్మనే" అంది. "నిన్ను కన్న అమ్మ. ఏటిగడ్డపాడు అమ్మ నిన్ను సాకింది."

అత్త ఎప్పుడో విన్న సంగతి మళ్లీ విన్నట్టు మెల్లగా తలాడించింది. గ్లాసును రెండు చేతులతో ఒళ్లో పట్టుకుంది.

"యాడుండాదో."

"చాలా కాలమాయ గదమ్మా."

"అవునులే. ఇంగేడుంటాది." గ్లాసులోకి చూస్తూ అడిగింది, "నన్నేమిటికి ఇడిసిపెట్టింది వేణీ?"

"కరువులో నీళ్లు లేవు, గింజలు లేవు. అక్కడే ఉంటే నువ్వు చచ్చిపోతావని. నువ్వు బతకల్లని."

"నేను బతికితి" అంది అత్త. "ఆమె యట్ల బతికిందో. ఇంట్లో బిడ్డ లేకుండా, పొద్దు లేస్తే ఎవురి ముఖం చూసిందో."

అంతసేపూ నిబ్బరంగా ఉన్న వేణి అప్పుడు కూలిపోయింది. తల్లి ఒళ్లో ముఖం పెట్టి, పెళ్లయిన ఇన్నేళ్లలో నేను విననంత గట్టిగా ఏడ్చింది. అత్త కంగారు పడి గ్లాసు పక్కన పెట్టి, కూతురి తల నిమిరింది. తన కథ విని ఏడుస్తోందనుకుంది పాపం.

"నువ్వేమిటికి ఏడుస్తావే పిచ్చిదానా? నా నీళ్లు నాకు దొరికినాయి గదా" అని, జగ్గులో మిగిలిన నీళ్లు గ్లాసులోకి వంచి వేణి నోటికి అందించింది. "ఇంద, నువ్వూ తాగు."

వేణి తల ఎత్తి, ఎక్కిళ్ల మధ్యనే, తల్లి చేత్తో ఆ నీళ్లు తాగింది.